కలం, క్లాసు, చందా: మన జబాన్‌లో సైన్సు తాలీం దాస్తాన్

హైదరాబాద్ పాతబస్తీలో జహాఁనుమా అంటే ఇప్పుడు ఒక మొహల్లా. ఫలక్‌నుమా వైపు వెళ్ళే దారిలో వస్తుంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఆ పేరు ఎందుకొచ్చిందో తెలీదు. ఒకప్పుడు అక్కడ ఒక నవాబు కట్టించిన మహల్ ఉండేది. దాని పేరే మొహల్లాకు మిగిలింది. ఆ నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్. పైగా ఖాందాన్ పెద్ద. ‘షమ్సుల్ ఉమ్రా’ ఆయన ఖితాబు. ఆసఫ్‌జాహీ రియాసత్‌లో నిజాం తర్వాత చెప్పుకోదగ్గ జాగీర్దార్లలో ఒకడు.

అంత దౌలత్ ఉన్న మనిషి షౌక్ ఏమిటయ్యా అంటే రియాజీ, హైఅత్, జర్రె సఖీల్. ఇప్పటి మాటల్లో గణితం, ఖగోళం, యంత్రశాస్త్రం. 1830లు, 40లలో ఆయన సొంత ఖర్చుతో సంగీ ఛాపాఖానా, అంటే రాతి అచ్చు ప్రెస్సు, పెట్టించాడు. విలాయత్ నుంచి సైన్సు కితాబులు తెప్పించాడు. భాషలు తెలిసిన మనుషుల్ని కూర్చోబెట్టి వాటిని ఉర్దూలోకి తర్జుమా చేయించాడు. వాటిలో మషూర్ అయినది ‘సిత్తయె షమ్సియా’. సిత్తా అంటే ఆరు. యంత్రాలు, నక్షత్రాలు, నీరు, గాలి, వెలుతురు, బర్ఖ్ అంటే విద్యుత్తు - ఈ ఆరింటి మీద ఆరు రిసాలాలు. అప్పటికి మన ఇళ్ళల్లో కరెంటు దీపం లేదు, హైదరాబాద్‌కు రైలు రాలేదు. అయినా ఒక షాగిర్దు బర్ఖ్ గురించి తన జబాన్‌లో చదువుకునే ఏర్పాటు జరిగింది.

కితాబులు అచ్చేసి ఊరుకోలేదు ఆయన. మదర్సయె ఫఖ్రియా అని ఒక బడి పెట్టాడు. ఆ కితాబులు ఆ బడిలో పాఠాలయ్యాయి. అంటే రాయించిందీ ఆయనే, చదివించిందీ ఆయనే, ఖర్చు పెట్టిందీ ఆయనే.

మన ఖౌమ్‌కూ సైన్సుకూ పడదు అనే మాట బయటివాళ్ళు అంటారు. అంతకంటే ఎక్కువగా మనమే మన దావత్‌లలో, అర్సెలు తింటూ, ఖుబానీ కా మీఠా తింటూ అనుకుంటాం. ఆ మాట తారీఖ్ ముందు నిలవదు. సైన్సును తమ భాషలో రాయడం, దాన్ని పిల్లల క్లాసు దాకా తీసుకుపోవడం, అందుకు ఖర్చులు కూడగట్టడం - ఈ మూడు పనులూ మన పెద్దలు చేశారు. కలం, క్లాసు, చందా. ఈ మూడూ కలిసి నడిచిన రోజుల్లో ఏం జరిగింది? ఒకటి తప్పుకున్నాక ఏమైంది? ఈ దాస్తాన్‌లో మనకు పనికొచ్చేది అదే.

దిల్లీ కాలేజీలో ఒక మాస్టర్

షమ్సుల్ ఉమ్రా హైదరాబాద్‌లో పుస్తకాలు అచ్చేయిస్తున్న జమానాలోనే దిల్లీలో అజ్మేరీ గేటు బయట పాత గాజీయుద్దీన్ మదర్సాలో మరో పని మొదలైంది. కంపెనీ సర్కార్ 1825లో ఆ మదర్సాను దిల్లీ కాలేజీగా మార్చింది. 1829లో అవధ్ వజీరు నవాబ్ ఏతమాదుద్దౌలా ఆ కాలేజీకి 1 లక్షా 70 వేల రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో మీరే అందాజా వేసుకోండి.

ఆ కాలేజీ ఖూబీ ఏమిటంటే, దాని తూర్పు విభాగంలో లెక్కలూ సైన్సూ ఉర్దూలో చెప్పేవాళ్ళు. చెప్పాలంటే కితాబులు కావాలి. అందుకని 1840లలో కాలేజీ నీడలోనే తర్జుమా సొసైటీ ఒకటి ఏర్పడింది. ఉస్తాదులే తర్జుమా చేసేవాళ్ళు. తర్జుమా అయిన పాఠం క్లాసులో చెప్పి చూసేవాళ్ళు. పిల్లలకు అర్థం కాకపోతే వాక్యం మార్చేవాళ్ళు. క్లాసే కలానికి కసౌటీ, అంటే గీటురాయి అయింది.

ఆ ఉస్తాదుల్లో ఒకరు మాస్టర్ రామచంద్ర. 1821లో పానీపత్‌లో పుట్టాడు. హిందూ ఖాందాన్, తర్వాత 1852లో క్రైస్తవం తీసుకున్నాడు. ఉర్దూ సైన్సు రచనకు పునాదిరాయి వేసిన వాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది. ఉర్దూ ఒక మజ్‌హబ్ సొత్తు అనుకునే వాళ్ళు ఈ పేరు గుర్తుంచుకోవాలి. 1845లో ‘ఫవాయిదున్నాజిరీన్’ అనే పత్రిక పెట్టాడు. రెండేళ్ళకు ‘ముహిబ్బె హింద్’ పెట్టాడు. సైన్సు, తారీఖ్, పెద్దవాళ్ళ జీవితాలు, పనికిమాలిన నమ్మకాల మీద విమర్శ - అన్నీ తేలిక ఉర్దూలో. ఒక టీచరు పగలు పాఠం చెప్పి, రాత్రి అదే సంగతి బడికి రాలేని జనం కోసం రాశాడన్నమాట.

1850లో ఆయన లెక్కల్లో గరిష్ఠ, కనిష్ఠ విలువల మీద ఇంగ్లీషులో ఒక కితాబు రాసి కలకత్తాలో సొంత ఖర్చుతో అచ్చేయించాడు. అక్కడి పత్రికలు వెక్కిరించాయి. ఒక కాపీ మాత్రం లండన్‌లో అగస్టస్ డి మోర్గన్ అనే పెద్ద గణితవేత్త చేతికి చేరింది. ఆయన పట్టుబట్టి 1859లో దాన్ని లండన్‌లో మళ్ళీ అచ్చేయించాడు.

రామచంద్ర షాగిర్దుల్లో మౌల్వీ జకావుల్లా ఒకరు. లెక్కలు, సైన్సు మీద ఉర్దూలో లెక్కకు మిక్కిలిగా బడి పుస్తకాలు రాసినవాడు. డిప్యూటీ నజీర్ అహ్మద్, మొహమ్మద్ హుసేన్ ఆజాద్ కూడా ఆ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళే. ఒక్క కాలేజీ, ఒక్క తరం, ఇంతమంది.

ఆ తర్వాత 1857 వచ్చింది. తిరుగుబాటులో కాలేజీ కుతుబ్‌ఖానా లూటీ అయింది. ప్రిన్సిపల్ టేలర్ ఖతల్ అయ్యాడు. రామచంద్ర ప్రాణాలతో బయటపడ్డాడు. కాలేజీ మళ్ళీ తెరిచారు గానీ పాత రౌనఖ్ రాలేదు. 1877లో సర్కారు దాన్ని మూసేసింది. దిల్లీ జనం సొంత చందాతో నడిచే కాలేజీ అయితే అంత సులువుగా మూసేవాళ్ళా? ఈ సవాల్‌ను గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం.

భూమి తిరగదన్న మనిషి

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనగానే మనకు తెల్ల గడ్డం, తుర్కీ టోపీ, అలీగఢ్ గుర్తొస్తాయి. 1848లో ఆయన రాసిన ఒక చిన్న రిసాలా సంగతి చాలామందికి తెలీదు. పేరు ‘ఖౌలె మతీన్’. అందులో సర్ సయ్యద్ ఏం వాదించాడో తెలుసా? భూమి తిరగదని! ఆయన నానా ఖ్వాజా ఫరీదుద్దీన్ గణితం, ఖగోళం తెలిసిన పెద్ద ఆలిమ్. మనవడికి వచ్చింది ఆ పాత యూనానీ ఖగోళమే. తర్వాత కొత్త సైన్సు చదివాడు, దలీల్ చూశాడు, రాయ్ మార్చుకున్నాడు. మార్చుకున్నాక ఇంట్లో కూర్చోలేదు. తాను ఆలస్యంగా తెలుసుకున్నది ఖౌమ్ పిల్లలకు ముందే తెలియాలని మిగతా ఉమర్ ఖర్చు పెట్టాడు.

1864 జనవరిలో గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టాడు. అప్పుడాయన అక్కడ సర్కారు కొలువులో ఉన్నాడు. అదే ఏడాది అదే ఊళ్ళో జనం చందాతో ఒక మదర్సా మొదలైంది. దాని పునాదిరాయి ఇద్దరు కలిసి వేశారు: రాజా దేవ్ నారాయణ్ సింగ్, మౌలానా మొహమ్మద్ ఫసీహ్. ఉర్దూ, ఫార్సీ, అరబీ, సంస్కృతం, ఇంగ్లీషు - అయిదూ అక్కడ చెప్పేవాళ్ళు. ఒకే ఏడాది, ఒకే ఊరు, ఒక చేత్తో సొసైటీ, ఇంకో చేత్తో స్కూలు. కలమూ క్లాసూ మళ్ళీ పక్కపక్కకు వచ్చాయి.

ఆయనకు తబాదలా కాగానే సొసైటీ కూడా ఆయనతో అలీగఢ్ వచ్చింది. తన మజ్‌హబీ కితాబు అచ్చు కోసం 8 వేల రూపాయలు పెట్టి కొనుక్కున్న ప్రెస్సును సొసైటీకి ఇచ్చేశాడు. 1866లో సొసైటీకి సొంత ఇమారత్ వచ్చింది. మార్చి 30న ‘అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజిట్’ మొదలైంది. ఒక పక్క ఉర్దూ, ఒక పక్క ఇంగ్లీషు. వ్యవసాయం, యంత్రాలు, విద్యుత్తు, తారీఖ్ మీద కితాబుల తర్జుమాలు వచ్చాయి. సొసైటీ బాగ్‌లో కొత్త పద్ధతి సేద్యం చేసి రైతులకు చూపించేవాళ్ళు. మీటింగుల్లో యంత్రాలు, పరికరాలు పెట్టి తఖ్‌రీర్‌లు ఇచ్చేవాళ్ళు. రాజా జైకిషన్ దాస్ దాని సెక్రటరీగా ఏళ్ళ తరబడి మోశాడు. సభ్యుల్లో హిందువులు, ముస్లింలు, అంగ్రేజులు అందరూ ఉన్నారు.

ఇది అంటుకుంది. 1868లో బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో సయ్యద్ ఇమ్దాద్ అలీ బిహార్ సైంటిఫిక్ సొసైటీ పెట్టాడు. అక్కడా తర్జుమాలు, పత్రిక, బడులు.

చందా అడిగిన చేయి

సర్ సయ్యద్ దగ్గర మనం నేర్చుకోవలసినది ఇంకొకటి ఉంది. అడగడం. అడగడానికి సిగ్గుపడకపోవడం.

కాలేజీ కోసం 1872లో బనారస్‌లో ఫండు కమిటీ పెట్టాడు. 1875 మే 24న అలీగఢ్‌లో స్కూలు తెరిచారు. 1877 జనవరిలో కాలేజీ పునాదిరాయి పడింది. మధ్యలో ఆ పెద్దమనిషి చెయ్యని పని లేదు. నవాబుల దగ్గరకు వెళ్ళాడు, రాజుల దగ్గరకు వెళ్ళాడు. రామ్‌పూర్ నవాబు ఇచ్చాడు, పటియాలా మహారాజా ఇచ్చాడు, మన హైదరాబాద్ నుంచి సాలార్ జంగ్ ఇచ్చాడు. అది చాలలేదు. 30 వేల రూపాయల లాటరీ నడిపాడు. అది జాయజ్ కాదని అభ్యంతరాలొచ్చినా ఆగలేదు. నుమాయిష్‌లో కితాబుల దుకాణం పెట్టి తానే కూర్చున్నాడు. 1889లో, డెబ్బై దాటిన వయసులో, గరీబు విద్యార్థుల వజీఫాల కోసం స్టేజీ ఎక్కాడు. సర్కారు ఖితాబు ఉన్న మనిషి తమాషా చూపించడమేమిటని శరీఫ్ ఖాందాన్లు ముక్కున వేలేసుకున్నాయి. ఆయన జంకలేదు.

చందా ఇచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కించి గోడల్లో కట్టించాడు. అలీగఢ్ వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ప్రహరీ గోడ పొడవునా పేర్లే. అందులో ముస్లిం పేర్లున్నాయి, హిందూ పేర్లున్నాయి. ఒక నవాబు ఖజానా నుంచి లక్ష వస్తే ఇమారత్ లేస్తుంది. వందమంది చిన్న చందాదార్లు వస్తే ఆ ఇమారత్‌ను కాపాడే వంద ఖాందాన్లు తయారవుతాయి. షమ్సుల్ ఉమ్రా మదర్సాకూ అలీగఢ్ కాలేజీకీ ఫరఖ్ ఇక్కడుంది. ఒకటి ఒక్కడి షౌక్ మీద నిలబడింది. రెండోది వేలమంది జేబుల మీద నిలబడింది. ఒకటి మొహల్లా పేరుగా మిగిలింది. రెండోది ఈ రోజుకీ యూనివర్సిటీగా నడుస్తోంది.

అయితే ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన ఫిక్ర్ ఎక్కువగా శరీఫ్ ఘరానాల అబ్బాయిల గురించి. చేతివృత్తుల బిరాదరీలు, ఆడపిల్లలు ఆ నక్షాలో వెనకబడ్డారు. అలీగఢ్‌లో ఆడపిల్లల బడి 1906లో గానీ రాలేదు. షేక్ అబ్దుల్లా, ఆయన బేగమ్ వహీద్ జహాఁ ఇంటింటికీ నచ్చజెప్పి దాన్ని నిలబెట్టారు.

భాష విషయంలోనూ ఆయన దారి మారింది. 1867లో ఆయనా, ఆయన సాథీలూ ఉర్దూలో పైచదువులు చెప్పే యూనివర్సిటీ కావాలని వైస్రాయికి దర్ఖాస్తు పెట్టారు. అందుకు తగిన కితాబులెక్కడున్నాయని సర్కారు నుంచి జవాబొచ్చింది. 1882లో ఎడ్యుకేషన్ కమిషన్ ముందు నిలబడే నాటికి తర్జుమాతో పైచదువు సాధ్యం కాదనే నతీజాకు వచ్చేశాడు. ఆయన కాలేజీలో చదువు ఇంగ్లీషులోనే సాగింది. గెజిట్ నడిచింది గానీ, దాన్ని క్లాసుకు కలిపిన తాడు తెగిపోయింది.

తాత దర్ఖాస్తు, మనవడి దస్తఖత్

తెగిన తాడు మళ్ళీ కలిసింది మన హైదరాబాద్‌లో. కలిపిన వాళ్ళలో ఒకడు ఎవరనుకున్నారు? సర్ సయ్యద్ సొంత మనవడు రాస్ మసూద్. 1916లో ఆయన నిజాం రియాసత్‌కు తాలీమాత్ నాజిమ్‌గా, అంటే విద్యాశాఖ డైరెక్టర్‌గా వచ్చాడు. అక్బర్ హైదరీ ముసాయిదా తయారుచేశాడు. 1917 ఏప్రిల్‌లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మాన్ ఇచ్చాడు. హిందుస్తానీ జబాన్‌లో పైచదువులు చెప్పే జామియా ఉస్మానియా పుట్టింది. తాత యాభై ఏళ్ళ కింద అడిగినదాని మీద మనవడి కాలంలో దస్తఖత్ పడింది.

కితాబులెక్కడున్నాయి అని అప్పట్లో అడిగిన సవాల్‌కు ఈసారి జవాబు ముందే సిద్ధం చేశారు. కాలేజీ తెరవకముందే, 1917 ఆగస్టులో, దారుత్తర్జుమా తెరిచారు. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ నాజిమ్. రెండేళ్ళు కితాబులు తయారయ్యాకే, 1919 ఆగస్టు 28న, 225 మంది విద్యార్థులతో క్లాసులు మొదలయ్యాయి. ముందు పాఠం, తర్వాత బడి. ఈ వరుస చాలా ముఖ్యం. ఇప్పుడు మనం బోర్డు ముందు పెట్టి, బిల్డింగు తర్వాత కట్టి, టీచరును ఆఖర్న వెతుకుతున్నాం.

దారుత్తర్జుమాలో ఇస్తిలాహ్‌ల కమిటీలు కూర్చునేవి. ఇస్తిలాహ్ అంటే పారిభాషిక పదం. ఒక పక్క సైన్సు తెలిసినవాళ్ళు, ఇంకో పక్క భాష తెలిసినవాళ్ళు. నజ్మ్ తబాతబాయీ లాంటి షాయర్లు ఆక్సిజన్, హైడ్రోజన్ దగ్గర తల పట్టుకుని కూర్చోవడం ఊహించండి! అన్నిటికీ అరబీ పదం పెట్టాలని కొందరు, జనం నోట ఉన్న మాటలతో కొత్తవి అల్లుకోవాలని కొందరు. వహీదుద్దీన్ సలీమ్ ఈ సంగతి మీద 1921లో ‘వజె ఇస్తిలాహాత్’ అని ఏకంగా ఒక కితాబే రాశాడు. ఉర్దూ ఇక్కడి నేల భాష, దాని మిజాజ్ ప్రకారమే పదం పుట్టాలని ఆయన వాదన. ముప్ఫై ఏళ్ళలో వందల కితాబులు తయారయ్యాయి. డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు మాత్రం అందరికీ లాజిమీ సబ్జెక్టు. ఆ సంగతి మర్చిపోవద్దు. తన భాషలో అర్థం చేసుకోవడం, ప్రపంచ భాషలో మాట్లాడడం - రెండూ నేర్పారు.

ఉర్దూలో చదివితే పైకొస్తారా అని అడిగేవాళ్ళకు ఒక పేరు చెబుతాను: రజియుద్దీన్ సిద్దీఖీ. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో ఉర్దూలో చదివాడు. అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ వెళ్ళాడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేశాడు. క్వాంటమ్ సైన్సుకు పునాది వేసిన ఆ హైసెన్‌బర్గే! తిరిగొచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం మీద ఉర్దూలో ‘ఇజాఫియత్’ అనే కితాబు రాశాడు. చదువుకున్న భాష రుణం అలా తీర్చుకున్నాడు.

క్లాసు బయట జనం కోసం అంజుమన్ తరఖ్ఖీయె ఉర్దూ ఉండేది. అబ్దుల్ హఖ్ దాన్ని రియాసత్‌లోనే ఉన్న ఔరంగాబాద్ నుంచి నడిపేవాడు. 1928లో ఆ అంజుమన్ ‘సైన్స్’ అనే పేరుతోనే ఒక త్రైమాసిక పత్రిక తెచ్చింది. ఉస్మానియా ప్రొఫెసర్లు అందులో రాసేవాళ్ళు.

షమ్సుల్ ఉమ్రా షౌక్ కూడా ఊరికే పోలేదు. అదే పైగా ఖాందాన్‌కు చెందిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. ఆయన తర్వాత అది రియాసత్ చేతికొచ్చి నిజామియా అబ్జర్వేటరీ అయింది. ఆకాశం మొత్తాన్ని నక్షా గీసే అంతర్జాతీయ పనిలో పాలుపంచుకుని లక్షల నక్షత్రాల లెక్క తేల్చింది. తర్వాత ఉస్మానియాకు చేరింది.

పక్క గల్లీలో తెలుగు

ఉస్మానియా కథ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆ రియాసత్‌లో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ. నల్లగొండ రైతు కొడుకు సైన్సు చదవాలంటే ముందు ఉర్దూ నేర్చుకోవాలి. అమ్మ భాషలో సైన్సు అనే ఉసూల్ మన పిల్లలకు వర్తించినట్టు వాళ్ళకు వర్తించలేదు. ఈ కమీ ఒప్పుకోకపోతే మన తారీఖ్ సగమే.

వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు. అదీ హైదరాబాద్‌లోనే మొదలైంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు వగైరాలు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తర్వాత అది మద్రాసు వెళ్ళింది. రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం, జీవశాస్త్రం మీద తెలుగు పుస్తకాలు తెచ్చింది. నడిచింది చందాదార్లతో. అలీగఢ్ గోడ మీద రాళ్ళు చేసిన పని ఇక్కడ చందా రసీదులు చేశాయి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో. చెట్టు ఎండలో తన తిండి తాను తయారుచేసుకుంటుందని మా ఉర్దూ కితాబులో ‘జియాయీ తాలీఫ్’ అని చదివాను. తర్వాత తెలుగులో అదే ‘కిరణజన్య సంయోగక్రియ’ అయింది. ఇప్పటి పిల్లలు ‘ఫోటోసింథసిస్’ అంటున్నారు. జియా అంటే వెలుతురు, తాలీఫ్ అంటే కూర్చడం. కిరణం, సంయోగం - అదే. ఫోటో, సింథసిస్ - అదే. ‘కషిష్’ అన్నా ‘ఆకర్షణ’ అన్నా లాగడమే. మూడు భాషల్లో ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే ఆకు ముందు కూర్చుని ఒకే మాట అన్నారు. తెలుగు ముస్లిం బిడ్డకు ఈ మూడూ దక్కుతాయి. ఇది బోఝ్ కాదు, దౌలత్. అయితే బిడ్డకు పదం చెప్పి ఆకు చూపించకపోతే మూడు భాషల్లోనూ బట్టీయే మిగులుతుంది.

నాకు జరిగింది దాదాపు అదే. మా స్కూల్లో సైన్సు సామాను ఒక అల్మారీలో ఉండేది. దానికి తాళం ఉండేది. చాబీ హెడ్మాస్టరుగారి దగ్గర. పగిలితే జవాబెవరు చెప్పాలి అని తీసేవాళ్ళు కాదు. బీకరు బొమ్మ ఎన్నిసార్లు గీశామో లెక్క లేదు, పట్టుకున్నది సున్నా. విలేకరిగా ఇరవై ఏళ్ళు జిల్లాలు తిరిగాక చెబుతున్నాను, అలాంటి అల్మారీలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని చోట్ల అల్మారీ కూడా లేదు.

ఒక్క ఖజానా, ఒక్క హుకుం

ఉస్మానియా ఉర్దూ సైన్సుకు ఏమైంది? 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత హుకూమత్ మారింది. బోధన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూ సైన్సు కితాబులు కుతుబ్‌ఖానా అరల్లో చేరాయి. దేశ విభజన గడబిడలో అంజుమన్ దిల్లీ దఫ్తర్ లూటీ అయింది. అబ్దుల్ హఖ్ పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. రజియుద్దీన్ సిద్దీఖీ కూడా అటే వెళ్ళాడు. కలం పట్టినవాళ్ళు ఒక దేశంలో, క్లాసులో కూర్చున్న పిల్లలు ఇంకో దేశంలో.

దీనికి సియాసత్‌ను మాత్రమే నిందించి ఊరుకోలేం. ఒక ఫర్మాన్‌తో వచ్చినది ఇంకో హుకుంతో పోతుంది. ఉస్మానియాకు ఖర్చంతా ఖజానాది. చందా రసీదు పట్టుకుని ‘ఇది నాది, ఎలా మూస్తారు’ అని అడిగే సామాన్య ఖాందాన్లు దాని వెనక లేవు. దిల్లీ కాలేజీకి కూడా లేవు. షమ్సుల్ ఉమ్రా మదర్సాకు అసలే లేవు. ఎవరి చందా ఉందో వాళ్ళదే ఫిక్ర్.

అలాగని కలం ఆగలేదు. 1994లో దిల్లీలో డాక్టర్ మొహమ్మద్ అస్లమ్ పర్వేజ్ ‘సైన్స్’ అనే ఉర్దూ మాస పత్రిక మొదలుపెట్టారు. ఆయనే తర్వాత మన హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా వచ్చారు. దిల్లీ నుంచి హైదరాబాద్‌కు ఈ సిల్సిలా ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఫోన్లో సైన్సు రాయడానికి, చూపించడానికి ప్రెస్సు కూడా అక్కర్లేదు. మన పిల్లల్లో ఇంజనీర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, గల్ఫ్‌లో, అమెరికాలో కొలువులు చేస్తున్నవాళ్ళున్నారు. కలానికి కొరత లేదు. కొరత కలాన్ని క్లాసుకు కలిపే చందాకు.

మనం చందా ఇవ్వని ఖౌమ్ కాదు. మస్జిద్‌కు ఇస్తాం, మదర్సాకు ఇస్తాం, రంజాన్‌లో ఇంటి గడప దాకా వచ్చినవాళ్ళను ఖాళీ చేతులతో పంపం. కానీ ‘గవర్నమెంటు ఉర్దూ స్కూల్లో ఆరో తరగతికి అయస్కాంతాలు, భూతద్దాలు కావాలి’ అని ఎవరైనా మన గడప దగ్గరకు వచ్చారా? వచ్చి ఉంటే ఇచ్చేవాళ్ళమే. అడిగేవాళ్ళు లేరు. సర్ సయ్యద్ నుంచి మనం ఫోటో తీసుకున్నాం, ఆయన చాచిన చేయిని వదిలేశాం.

అడగడం చిన్నగానే మొదలవ్వచ్చు. మీ మొహల్లాలో ఒక్క బడి ఎంచుకోండి. సైన్సు టీచరును కలిసి ఈ ఏడాది ఏ పాఠానికి ఏ సామాను లేదో అడిగి ఫెహరిస్త్ రాయించండి. సగం సామాను బజార్లో దొరికేదే: అయస్కాంతం, బ్యాటరీ, బల్బు, రాగి తీగ, లిట్మస్ కాగితం, పట్టకం, ఒక చిన్న మైక్రోస్కోపు. ఆ ఫెహరిస్త్ జమాత్‌లో, మహిళా సంఘంలో, ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో చదవండి. పెద్ద సేఠ్ ఒక్కడే అంతా ఇస్తానంటే షుక్రియా చెప్పి, మిగతావాళ్ళ దగ్గర కూడా తలా కొంచెం తీసుకోండి. హిసాబ్ గోడకు అంటించండి. మీ ఇంట్లో సైన్సు చదివిన అమ్మాయినో అబ్బాయినో నెలకు ఒక పూట ఆ క్లాసుకు పంపండి. ఆ పాఠాన్ని వాళ్ళే తెలుగులోనో ఉర్దూలోనో రెండు పేజీలు రాసి పెడితే ఇంకో ఊరి టీచరుకు పనికొస్తుంది.

ఒక షరతు మాత్రం మొదటి రోజే పెట్టండి. అల్మారీకి తాళం వద్దు. పిల్లల చేతుల్లో బీకరు పగిలితే పగలనివ్వండి. ఇంకోటి కొనడానికే కదా చందా.